నల్ల గిటార్ మీద గీతలు

మా మేనత్త పోయింది. ఆ కబురు నాకు ఎవరి నోటా రాలేదు, ఫోన్లో చర్చి గ్రూపులో వచ్చింది. పొద్దున జగ్గయ్యపేట బస్టాండులో ఆఫీసుకెళ్ళే బస్సు కోసం నిలబడి ఉన్నాను. "మన టీచరమ్మగారు ఈ ఉదయం ప్రభువునందు నిద్రించారు" అని రాసి కింద ఫొటో పెట్టారు. ఎక్కడ దొరికిందో ఏమో, స్కూలు గుర్తింపు కార్డు మీది ఫొటో. అందులో అత్త మూతి బిగించుకుని, ఎవరినో బెంచీ ఎక్కించబోతున్నట్టు ఉంటుంది. నాకు ముందు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. నవ్వే మనిషికి నవ్వే ఫొటో ఒక్కటి దొరకలేదా మీకు అని టైపు చేశాను. చెరిపేశాను. అప్పుడు ఏడ్చాను. పక్కన పూలమ్ముకునే ఆవిడ "ఏమైందమ్మా?" అంటే "మా అత్తండి" అని మాత్రం అనగలిగాను. ఆవిడ లేచి తన స్టూలు నాకిచ్చింది. ఆఫీసు బస్సు వచ్చి వెళ్ళిపోయింది. నేను నందిగామ బస్సు ఎక్కాను.

అత్త మా నాన్నకి చెల్లెలు. కాపురం నందిగామలో. చందర్లపాడు వైపు ఊళ్ళలో సర్కారు బళ్ళలో లెక్కలు చెప్పి రిటైరయింది. ఆదివారం నందిగామ చర్చిలో గిటార్ వాయించేది, నేనూ ఆ చర్చికే వెళ్ళేదాన్ని. ఆవిడ ఎన్ని వందలమందికి లెక్కలు నేర్పినా జనానికి గుర్తున్నది మాత్రం గిటారే. ఆవిడ మొదలుపెట్టిన రోజుల్లో మా వైపు ఆడవాళ్ళు డోలక్ దాకా వచ్చారు గానీ గిటార్ పట్టుకున్నవాళ్ళు లేరు. సంఘ పెద్ద ఒకాయన "చీర కట్టుకుని గిటారేంటమ్మా, బావుంటదా?" అన్నాడట. "చీర కట్టుకుని బస్సెక్కుతున్నాం కదండి, ఇదీ అంతే" అందట అత్త. ఆ పెద్దాయనే తర్వాత తన మనవరాలిని తీసుకొచ్చి గిటార్ నేర్పమని ఆవిడ దగ్గర చేర్పించాడు.

పోయేముందు ఆవిడ నాకొక పని అప్పజెప్పింది. తన నల్ల గిటార్ మీద పడ్డ గీతలన్నీ తీసేసి, దాన్ని రూతమ్మకి ఇవ్వమంది. వినడానికి చిన్న పని. ఇంట్లో ఇత్తడి బిందె తోమి పక్కింటికి ఇవ్వమన్నట్టే ఉంది కదా? ఆ పని నావల్ల అవుతుందా కాదా అన్నట్టు అయిపోయింది చివరికి. రూతమ్మ ఎవరో, ఆ గీతలు ఎక్కడివో చెబితే గానీ మీకది అర్థం కాదు.

ఆ గిటార్ అద్దంలా నిగనిగలాడే నలుపు. బెజవాడలో కొన్నప్పుడు కొట్టతను చెక్కరంగుది తీసుకోమన్నాడట, నల్లదాని మీద చిన్న గీత పడినా కనబడుతుంది మేడమ్ అని. "కనబడితేనే కదయ్యా తీసేది" అని అత్త నల్లదే తెచ్చుకుంది. ఆవిడ బుద్ధే అంత. ఇంట్లో స్టీలు డబ్బాలూ, అద్దాలూ, మామయ్య సైకిలూ, అన్నీ మొహం చూసుకునేలా ఉండాలి. మా అమ్మ "మీ అత్త ఇంటికెళ్తే కూర్చోడానికి భయమే" అనేది. అబద్ధం. కూర్చోడానికి ఎవరూ భయపడలేదు. లేచాక వెనక్కి తిరిగి ఒకసారి చూసుకునేవాళ్ళం, అంతే.

డిసెంబర్లో సెమీ క్రిస్మస్‌లు మొదలయ్యే ముందు ఒక శనివారం అత్త ఇంట్లో గుడ్డల శనివారం. ఆ పేరు మేం పెట్టుకున్నదే. ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళందరూ కీసర నుంచీ మైలవరం నుంచీ కూడా గిటార్లు తెచ్చుకుని వరండాలో చాపల మీద కూర్చునేవాళ్ళు. ఏడాది పాటు పడ్డ సన్నగీతల్ని ఎవరి గిటార్ మీద వాళ్ళే తీసుకోవాలి. గుడ్డలు మాత్రం అత్తవి. అంటే మామయ్య పంచెలు. ఉతికి ఉతికి మెత్తబడ్డ పంచెని అంచులు కత్తిరించి, అరచేయంత ముక్కలు చేసి, ఎండలో ఆరేసి, మూతున్న డబ్బాలో దాచేది. మామయ్య బస్సు డ్రైవరుగా చేసేవారు. డ్యూటీ దిగి వచ్చి వరండాలో కూర్చున్న మమ్మల్ని చూసి, "పంచె పాతబడటం ఆలస్యం, అందరూ తయారు" అని గొణిగేవారు. గొణుగుతూనే అందరికీ టీ పెట్టేవారు. ఆ టీ మెట్ల మీద కూర్చుని తాగాలి, గ్లాసుతో గిటార్ దగ్గరికి రాకూడదు.

నా గిటార్ చూడగానే అత్త ప్రతిసారీ ఒకటే అనేది. "తెచ్చావా మీ ఊరి సిమెంటు?"

మా జగ్గయ్యపేటలో సిమెంటు లారీలు తిరిగే రోడ్డు పక్కన ఉన్నవాళ్ళకి దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు. పొద్దున తుడిచిన కిటికీ మీద మధ్యాహ్నానికి పేరు రాయొచ్చు.

"రోజూ పొడిగుడ్డ పెట్టి తుడుస్తూనే ఉన్నాను అత్తా" అన్నాను ఒకసారి ఉక్రోషంగా.

"అందుకేనే ఈ గీతలు. దుమ్ము పాపం పడి ఊరుకుంటుంది. నువ్వు దాన్ని పట్టుకుని రుద్దావు చూడు, అప్పుడు గీస్తుంది. ముందు ఊదు. తర్వాత తడిగుడ్డ గట్టిగా పిండి, ఊరికే ఆనించి ఎత్తు. రుద్దకు. దుమ్మంతా పోయాకే మిగతా పని."

మిగతా పని అంటే పాలిష్. హైవే పక్క కార్ల షెడ్డు నుంచి మామయ్య తెచ్చే తెల్లటి క్రీము. దాన్ని గిటార్ మీద వెయ్యకూడదు, గుడ్డకి అద్దుకోవాలి, అదీ కందిగింజంత. చిన్న చిన్న సున్నాలు చుడుతూ అరచెయ్యి పట్టేంత మేరే తిప్పాలి. తర్వాత వేరే గుడ్డతో తుడిచి, గిటార్ని కిటికీ వెలుగుకి ఏటవాలుగా పట్టి చూడాలి. ఎదురుగా చూస్తే ఏ గీతా కనబడదు. చేతిలో గుడ్డ కిందపడితే దాన్ని మళ్ళీ వాడటానికి లేదు. నేల మీది ఇసుకరేణువు ఒక్కటి అంటుకున్నా చాలు, చేసిన పనంతా చెడుతుంది. "కిందపడ్డ గుడ్డ ఇక నేలదే" అనేది. ఎంత బతిమాలినా ఆ గుడ్డ ఇల్లు తుడిచే గుడ్డల్లోకి వెళ్ళిపోవలసిందే.

ఒకసారి నేను ఒక గీత మీద పగబట్టి, దాన్నే రుద్దుతూ కూర్చున్నాను. అత్త వచ్చి చెయ్యి పట్టుకుంది.

"గీతని ఎవరూ తియ్యలేరే అమ్మడూ. అది గుంట. గుంటని తీసెయ్యడం ఏంటి? దాని చుట్టూ ఉన్నదాన్ని దానంత లోతుకి దించుతాం, అప్పుడది కనబడదు. అంతే. చుట్టూ చెయ్యి, దాన్ని వదిలెయ్."

లెక్కల టీచరు కదా, ఏదైనా అలా విప్పి చెప్పేస్తుంది. నేను అప్పటిదాకా పాలిష్ అంటే ఏదో పైన పూసి కప్పెయ్యడం అనుకున్నాను. ఏడాదికొకసారే ఎందుకు చెయ్యాలో కూడా అప్పుడే తెలిసింది. ఆ మెరిసే పొర ఉల్లిపొరంత ఉంటుంది, తుడిచినప్పుడల్లా దాన్ని కొంచెం తింటాం. "ఊరికే మెరవాలని మెరిపిస్తే చివరికి చెక్క బయటపడుద్ది" అనేది.

రూతమ్మ సంగతికి వస్తాను. రూతమ్మ నందిగామ మార్కెట్ దగ్గర జాకెట్లు కుడుతుంది. నేను రూతక్క అంటాను. మా చర్చిలో శనివారం శుభ్రం చేసే వంతులు ఆడవాళ్ళవి. ఒక ఏడు ఈస్టర్ ముందు శనివారం ఆవిడ వంతు వచ్చింది. అత్త ఆ రోజు పాటలు ప్రాక్టీసు చేయించి గిటార్ని అక్కడే ఉంచి ఇంటికెళ్ళింది. రూతక్క బెంచీలు కడిగింది, ఇత్తడి కొవ్వొత్తి స్టాండ్లు తోమింది, తర్వాత గిటార్ మీద వేలిముద్రలు చూసింది. మర్నాడు పునరుత్థాన పండగ, దేవుడి మందిరంలో వస్తువు మరకలతో ఉంటే బాగుంటుందా? అంట్లు తోమే పచ్చపీచుకి సబ్బు రాసి, భక్తిగా, ముందువైపంతా తోమి పెట్టింది.

పండగ పొద్దున అత్త సంచి విప్పి గిటార్ బయటికి తీసేసరికి దాని నలుపు పోయి బూడిద రంగుకి తిరిగి ఉంది. రూతక్క నవ్వుమొహంతో వచ్చి, "జిడ్డు బాగా పట్టిందండి టీచరమ్మగారూ. శ్రద్ధగా తోమాను" అంది.

అత్త గిటార్ని చూసింది, ఆవిడని చూసింది. "శ్రద్ధ కనబడతానే ఉంది రూతమ్మా" అని తీగలు సరిచేసుకుని ఆరాధన మొత్తం వాయించింది. పక్కనే నిలబడి పాడుతున్నాను కాబట్టి నాకు తెలుసు, ఆవిడ ఆ రోజు ఒక్కసారి కూడా గిటార్ వైపు వంగి చూడలేదు.

తర్వాత ఎవరో ఉండబట్టలేక రూతక్కకి చెప్పేశారు, నువ్వు పాడు చేశావని. ఆవిడ సిగ్గుతో చర్చికి రావడం మానేసింది. కొన్నాళ్ళు చూసి, అత్త గిటార్ భుజాన వేసుకుని నన్ను వెంటబెట్టుకుని ఆవిడ కొట్టుకే వెళ్ళింది.

"చేసింది నువ్వు, తియ్యాల్సిందీ నువ్వే. రేపట్నుంచి సాయంత్రాలు మా ఇంటికి రా."

రూతక్క మిషను మీద తల పెట్టుకుని ఏడ్చేసింది. "నా చేతులు మొరటువండి టీచరమ్మగారూ. మళ్ళీ ఏం చేస్తానో."

"సిల్కు జాకెట్టు ముడత లేకుండా కుట్టే చేతులు మొరటువా? ఊరుకో. కళ్ళు తుడుచుకో, ఆ గుడ్డతో కాదు, దారాలున్నాయి."

ఆ వేసవంతా రూతక్క వచ్చింది. పీచు గీతలు మామూలు గీతల్లాంటివి కావు, ముందు కాస్త గరుకు పాలిష్, ఆ తర్వాత నున్నటిది, బోలెడు ఓపిక కావాలి. అత్త పక్కన కూర్చుని చెప్పేది, ముట్టుకునేది కాదు. వానలు పడేసరికి నలుపు తిరిగి వచ్చింది. ఆ రోజు రూతక్క గిటార్ని ఒళ్ళోంచి దించకుండా, భయం భయంగా ఒక తీగ మీటి, "ఇన్నాళ్ళూ దీన్ని రుద్దాను గానీ మోగిస్తే ఎట్టుంటదో చూడలేదండి" అంది. "చూడు మరి" అంది అత్త. నలభై దాటిన మనిషికి గిటార్ నేర్పడం అప్పుడే మొదలయింది. మెట్టుమెట్టుకీ తిట్లు తింటూ, వేళ్ళు కాయలు కాస్తే సూదులు దిగిన వేళ్ళకి ఇదొక లెక్కా అంటూ నేర్చుకుంది. నా కంటే బాగా వాయిస్తుంది. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు కొంత కాలం పట్టింది.

తర్వాత అత్త కుడిచెయ్యి వణకడం మొదలయింది. మొదట టీ గ్లాసు దగ్గర కనిపెట్టాం. బెజవాడలో చూపిస్తే నరాల జబ్బు అన్నారు, మందులతో నెమ్మదిస్తుంది గానీ పోదన్నారు. ఆవిడ వాయించడం మానలేదు. తీగలు మీటే చిన్న ప్లాస్టిక్ బిళ్ళని పిక్ అంటారు. అది వేళ్ళలోంచి జారి, తీగ తప్పి, కింద నల్లటి చెక్కకి తగిలేది. ఆదివారం ఆదివారానికీ ఒకటో రెండో కొత్త గీతలు. ముందు బెంచీలో వాళ్ళకి ఆ టక్కుమన్న చప్పుడు వినబడేది. విననట్టు ఇంకాస్త గట్టిగా పాడేవాళ్ళం.

ఆవిడ మాత్రం నవ్వేది. "చూడవే, చెయ్యి దానంతటదే గుండ్రంగా తిరుగుతోంది. పాలిష్‌కి ఇంతకంటే ఏం కావాలి?" అంది గుడ్డల శనివారం నాడు. అందరం నవ్వాం. ఆవిడ గుడ్డ పట్టుకుని మొదలుపెట్టింది. గుడ్డ జారి కిందపడింది. డబ్బాలోంచి ఇంకోటి తీసుకుంది. అదీ పడింది. వాటిని కాసేపు అలా చూసి, కాలితో గుమ్మం పక్కకి, ఇల్లు తుడిచే గుడ్డల్లోకి నెట్టేసింది. ఇంకో గుడ్డ తీసుకోలేదు. మేం చేస్తామంటే "మీవి మీరు చేసుకోండి" అంది. నాకు ఆ క్షణం ఇప్పటికీ భరించరానిది. చావు కబురు విన్నప్పటి కన్నా అప్పుడే నాకు ఎక్కువ దుఃఖం కలిగింది.

మంచాన పడ్డాక ఒక మధ్యాహ్నం మామయ్య కూడా గదిలో ఉండగా ఆ మాట చెప్పింది.

"గిటార్ రూతమ్మకియ్యి. ఊరికే ఇవ్వకు. గీతలన్నీ తీసేసి ఇవ్వు."

"ఉండనీ అత్తా, నీ గుర్తుగా" అన్నాను.

"నా గుర్తా? వాటిల్లో ఒక్కటైనా పాటలో పడిందా చూడు. చెయ్యి జారితే పడ్డవి. అవి కళ్ళెదురుగా ఉంటే రూతమ్మ వాయిస్తూ నా మీద జాలిపడుతుంది. పాట మీద ఉండాల్సిన ధ్యాస నా మీద ఎందుకు? నాకొద్దు ఆ జాలి."

సరేనన్నాను. చలికాలంలో ఆవిడ ఊపిరితిత్తులకి నెమ్ము పట్టింది, అది తగ్గలేదు.

భూస్థాపన అయ్యాక ఇంటి దగ్గర ఆదరణ కూడిక, అదే ఓదార్పు ప్రార్థన, పెట్టారు. ఫొటో పక్కన కుర్చీలో గిటార్ పెట్టారు. ఎవరో అభిమానం కొద్దీ దాని మెడకి బంతిపూల దండ వేశారు. దండకి వాడిన ఇనపతీగ కొస చెక్కకి ఆనుతోంది. నేను వెళ్ళి తీసేశాను. "దండ తియ్యకూడదమ్మా" అన్నారు వెనకనుంచి. "గీసుకుంటుందండి" అన్నాను. ఫొటోకి వెయ్యండి ఎన్నైనా, మూతి బిగించుకున్న ఫొటోయే కదా అని లోపల అనుకున్నాను. పాస్టరుగారు రూతక్కని పిలిచి, టీచరమ్మగారి గిటార్‌తో ఒక పాట వాయించమన్నారు. రూతక్క చెయ్యి చాపబోయింది. మామయ్య లేచి నిలబడ్డారు.

"వద్దండి. దాన్ని కదపొద్దు."

అంత గట్టిగా ఆయన మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. రూతక్క చెయ్యి వెనక్కి తీసుకుని, కొంగు భుజం చుట్టూ లాక్కుని, ఆడవాళ్ళ వెనక్కి వెళ్ళి కూర్చుంది.

కొన్నాళ్ళాగి గుడ్డల డబ్బా సంగతి చూద్దామని వెళ్ళాను. గిటార్ అత్త మంచం మీద ఉంది, పైన ఆవిడ శాలువా కప్పి.

"మామయ్యా, అత్త చెప్పింది కదా."

"చెప్పింది. నేనూ ఉన్నాగా."

"మరి?"

ఆయన శాలువా కొంచెం తొలగించారు. గిటార్ మధ్యనున్న గుండ్రటి రంధ్రం కింద సన్నగీతలు వెలుగుకి తెల్లగా కనబడ్డాయి.

"ఇన్నేళ్ళ కాపురంలో గీతన్నది మిగలనిచ్చిన మనిషి కాదమ్మా మీ అత్త. డబ్బాలు చూడు, అద్దాలు చూడు. ఇల్లంతా వెతికా. ఆవిడ చెయ్యి తగిలిన గుర్తు ఇదొక్కటే. ఇదీ తుడిచేస్తానంటావా?"

"అవి అత్తవి కావు మామయ్యా. జబ్బువి. అత్తే అంది."

"జబ్బుపడ్డది ఆవిడ కాదా?" అన్నారు మామయ్య. "నేను అన్నం కలిపి పెట్టింది ఎవరికమ్మా? నీళ్ళు పోసింది ఎవరికి? ఆ వణికే చెయ్యి పట్టుకుని పడుకున్నా నేను. అది మీ అత్త కాదంటే ఎట్టా?"

నేను శాలువా మళ్ళీ కప్పి లేచాను. తిరిగి వస్తూ బస్సులో ఇద్దరి మీదా కోపం వచ్చింది. ఇలాంటి పని నెత్తిన పెట్టి పోయినందుకు అత్త మీద, అంత న్యాయంగా మాట్లాడినందుకు మామయ్య మీద. పోయినవాళ్ళ మాట నిలబెట్టాలా, ఉన్నవాళ్ళని కష్టపెట్టకుండా ఉండాలా? జగ్గయ్యపేట వచ్చినా తేలలేదు. నేను మళ్ళీ అడగకూడదని మాత్రం అనుకున్నాను.

చర్చిలో కీబోర్డుతో పాటలు సాగుతున్నాయి. మామయ్య వెనక బెంచీలో కూర్చుంటున్నారు. ఒక ఆదివారం నేనూ వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. అందరూ పాడుతున్నారు. రూతక్క పాటల పుస్తకం మూసి, నిలువుగా పట్టుకుని, దాని వీపు మీద, గిటార్ మెడ మీద నొక్కినట్టే, ఎడమచేతి వేళ్ళు నొక్కుతోంది. స్వరం మారినప్పుడల్లా వేళ్ళు తీసి వేరే చోట పెడుతోంది. ఎవరికీ కనబడకూడదని కొంగు చాటు చేసుకుంది గానీ, వెనక బెంచీలో వాళ్ళకి కనబడుతుంది.

ఆ మర్నాడు మామయ్య ఫోన్ చేశారు. "గుడ్డలు కత్తిరించి పెట్టా. నీకు వీలైనప్పుడు రా అమ్మా. రూతమ్మని అట్టా చూడలేకపోతున్నా."

వెళ్ళేసరికి వరండాలో చాప పరిచి ఉంది. పంచె ముక్కలు వరసగా ఆరేసి ఉన్నాయి. అంచులు పోలేదు కొన్నింటికి, కత్తిరించి సరిచేశాను. తీగలు వదులు చేసి, దుమ్ము ఊది, తడిగుడ్డ ఆనించి ఎత్తాను. పాలిష్ పెట్టేముందు అత్త ప్రతి గీతనీ గోటితో చూసేది. గోరుని గీతకి అడ్డంగా, బరువు పెట్టకుండా లాగాలి. గోరు జారిపోతే గీత పైపైన ఉన్నట్టు, పోతుంది. గోరు ఆగితే లోతుకి దిగినట్టు, దాని జోలికి వెళ్ళకూడదు. మామయ్యకి ఆ మాట చెబుతూ చూసుకుంటూ వస్తున్నాను.

"నేను చూస్తా" అన్నారు ఆయన.

స్టీరింగు పట్టి పట్టి ముదిరిన వేలు. గోరు ఒక్కో గీత మీదినుంచీ జారిపోతోంది. ఒకటి, ఇంకొకటి, అన్నీ పోయేవే. ఆయన మొహం చూడలేక నేను గుడ్డ మడతపెడుతూ కూర్చున్నాను. చివరికి రంధ్రం పక్కన, కొంచెం కిందగా, వేలు ఆగింది.

"ఇక్కడ ఆగిందమ్మా."

నేనూ చూశాను. నా గోరూ ఆగింది.

"ఇది పోదా?"

"పోదు మామయ్యా. దీన్ని తియ్యాలంటే చుట్టుపక్కలంతా చెక్కదాకా అరిగిపోతుంది. అత్తయినా వదిలేసేది."

"నా కోసం అంటున్నావా?"

"మీ గోరే చెప్తోంది కదా మామయ్యా."

ఆయన ఆ గీత మీద వేలు తియ్యలేదు. అలాగే నెమ్మదిగా చెప్పారు. "ఇది చర్చిలో పడింది కాదు. ఇంట్లోనే. ఇక పడుకునే ఉంటోంది అప్పటికి. ఒకసారి వాయించాలనుంది అంది. లేపి కూర్చోబెట్టా. చెయ్యి ఒకటే వణుకుడు. అందుకని వెనకనుంచి ఆ చెయ్యి నేను పట్టుకున్నా. ఇద్దరం కలిసి ఒక్కసారి లాగాం. నా వాచీ గొలుసు గీసేసింది. తిడుతుందనుకున్నానమ్మా. నవ్వింది. బాగానే మోగింది కదండీ అంది."

మామయ్య గిటార్ని నా వైపు తిప్పి, "మిగతావి తీసెయ్" అన్నారు.

తీశాను. చిన్న సున్నాలు చుడుతూ, చుట్టూ చేస్తూ. ఆదివారానికొకటిగా పడ్డ గీతలు. నా చేతి కింద మాయమవుతున్నది ఏ ఆదివారమో, ఆ రోజు ఏ పాట పాడుతూ మేం ఆ చప్పుడు విననట్టు నటించామో నాకు తెలియదు. ఏడుస్తూనే చేశాను. కన్నీళ్ళు గిటార్ మీద పడకుండా మొహం పక్కకి పెట్టుకున్నాను. ఆవిడ చెప్పినట్టే చేస్తున్నానన్న ధైర్యమొకటి ఉంది, ఆవిడని నా చేతులతో నేనే తుడిచేస్తున్నానన్న బాధ ఒకటి ఉంది. రెండూ ఒకేసారి ఉన్నాయి. ఇప్పటికీ ఉన్నాయి.

రూతక్కకి కబురు పెట్టాం. కొట్టు మూసి వస్తానంది. ఆవిడ వచ్చేదాకా గిటార్ని లోపల మంచం మీద వెల్లకిలా పెట్టాం. పైన ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోంది, ఆ నలుపులో రెక్కలు స్పష్టంగా కనబడుతున్నాయి. మామయ్య మంచం పక్కన కుర్చీ వేసుకుని వంగి చూస్తున్నారు. రెక్క ఆ ఒక్క గీత మీదికి వచ్చినప్పుడల్లా తునిగినట్టు కనబడి, దాటగానే మళ్ళీ అతుక్కుంటోంది.